1935లో సుడేటన్ జర్మన్లు తెలిసే హిట్లర్‌కు ఓటేశారా?

పాతపుటలు:
సుడేటన్ జర్మన్లంటే చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాల్లో ఉండిన జర్మన్లు. 1935 మే 19న ఆ దేశపు ఎన్నికల్లో వాళ్ల నాయకుడు కొన్రాడ్ హెన్‌లైన్ పార్టీకి దాదాపు 12.5 లక్షల ఓట్లు పడ్డాయి. జర్మన్ల ఓట్లలో మూడింట రెండు వంతులు ఇంచుమించుగా అవే. దేశంలో మరే పార్టీకీ అన్ని ఓట్లు రాలేదు. మూడేళ్లకే, 1938లో, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ జర్మనీతో చేసుకున్న మ్యూనిక్ ఒప్పందంతో సుడేటన్ ప్రాంతం హిట్లర్ చేతికి పోయింది. అందుకే వాళ్లు తెలిసే ఓటేశారంటాను.

సరిహద్దు ఊరు:
నేను ఒప్పుకోను అండి. అంతకుముందు ఎన్నికలు చూడండి. 1920లో జర్మన్ పార్టీల్లో అన్నిటికన్నా పెద్దది సోషల్ డెమోక్రాట్లది, 31 సీట్లు. 1926లో జర్మన్ రైతుల పార్టీ, క్రైస్తవ సోషల్ పార్టీ రాజధాని ప్రాగ్‌లోని చెకోస్లొవేకియా ప్రభుత్వంలోనే చేరాయి. 1929లోనూ ప్రభుత్వంతో కలిసి నడుద్దామన్న పార్టీలకే జర్మన్లు ఎక్కువగా ఓటేశారు. తర్వాత మాంద్యం వచ్చింది. వాళ్ల గాజు పనులు, బట్టల మిల్లులు ఎగుమతుల మీదే బతికేవి. అవి మూతపడితే ఇంట్లో పొయ్యి వెలగదు. పైగా అక్కడ ఓటు వేయడం చట్టప్రకారం తప్పనిసరి, కోపం వచ్చినా ఇంట్లో కూర్చునే వీల్లేదు.

పాతపుటలు:
ఆకలి నిజమే. కానీ పని పోయిన చెక్ కార్మికులూ ఉన్నారు కదా, వాళ్లు అటు పోలేదే! హిట్లర్ నుంచి పారిపోయిన జర్మనీ దేశపు సోషల్ డెమోక్రాట్ నాయకులు 1933 నుంచి ప్రాగ్‌లోనే ఉన్నారు. పక్క దేశంలో ఏం జరుగుతోందో తెలియదని ఎలా అంటాం?

సరిహద్దు ఊరు:
చెక్ కార్మికుడికి రాజ్యం తనదే అనిపించింది. జర్మన్లకు 1919 మార్చి 4 గుర్తుంది, ఆ రోజు తమ ఊరేగింపులపై చెకోస్లొవేకియా సైన్యం కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు. హెన్‌లైన్ కూడా 1935లో దేశానికి విధేయుణ్ణనే చెప్పుకున్నాడు. బెర్లిన్ నుంచి, అంటే హిట్లర్ ప్రభుత్వం నుంచి, డబ్బు చాటుగా వచ్చేది. 1938 వేరు. ఆస్ట్రియా ఆక్రమణ తర్వాత రైతుల పార్టీ, క్రైస్తవ సోషల్ పార్టీ హెన్‌లైన్ పార్టీలో కలిసిపోయాయి. ఆ వేసవి స్థానిక ఎన్నికల ఓట్లలో భయం కూడా ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

పాతపుటలు:
1938 సంగతి ఒప్పుకుంటాను. 1935 విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. అదే కష్టంలో ఉండి కూడా మూడో వంతు జర్మన్లు హెన్‌లైన్‌కు ఓటేయలేదు. ఆ మూడో వంతు వైపు నిలిచిన సుడేటన్ సోషల్ డెమోక్రాట్లలో ఎంతోమందిని మ్యూనిక్ తర్వాత డాఖౌ నిర్బంధ శిబిరానికి పంపారు. పక్కింటివాళ్లకు కనిపించిన ప్రమాదం మిగతావాళ్లకు కనిపించలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.