సొంతిల్లా, అద్దిల్లా? ఈఎంఐ కాకుండా అసలు ఎంత పడుతుంది?

కేపీహెచ్‌బీ అద్దె కాపురం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఆరేళ్లుగా అద్దెకుంటున్నాం. డబుల్ బెడ్‌రూం, అద్దె 19,000, మెయింటెనెన్స్ 1,500. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పాప రెండో తరగతి. ఈమధ్య బాచుపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో 1,180 చదరపు అడుగుల ఫ్లాట్ చూశాం. 62 లక్షలు చెప్పారు. వచ్చే దసరాకు తాళాలిస్తామంటున్నారు. మా దగ్గర 14 లక్షలున్నాయి. 12 మేం పెట్టుకుని 50 లోన్ తీసుకుంటే, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు 43,391 కట్టాలని బ్యాంకులో చెప్పారు.

మా మామగారేమో "అద్దె కట్టడమంటే డబ్బులు ఏట్లో పోసినట్టే, ఇంకాస్త వేసుకుంటే ఇల్లు మనదవుతుంది" అంటున్నారు. మావారూ అటే మొగ్గుతున్నారు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. కొన్నాక బయటపడే ఖర్చులేంటో, తలనొప్పులేంటో, ఉన్నవాళ్లు ఉన్నట్టు చెప్పండి.

మియాపూర్ 2016

ఎక్కువ ఆలోచించకండి, కొనేయండి. మేం 2016లో కొన్న ధరకు ఇప్పుడు మా వీధిలో సగం ఫ్లాట్ కూడా రాదు. అప్పట్లో ఆగమని చెప్పినవాళ్లు ఇంకా అద్దెల్లోనే ఉన్నారు.

నిజాంపేట 304

అమ్మా, మీ భయంలో అర్థముంది. నేను 2013లో నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాను. అంతకుముందు పదకొండేళ్లు అద్దె ఇళ్లే. మా బిల్డింగ్‌లో 40 ఫ్లాట్లు. రెండేళ్లు అసోసియేషన్ ట్రెజరర్‌గా చేశాను కాబట్టి ఏ ఖర్చు ఎక్కడ పుడుతుందో దగ్గరుండి చూశాను.

ముందు మీ లెక్కే చూద్దాం. 62 లక్షలనేది ఒట్టి ఫ్లాట్ ధర. కడుతున్న బిల్డింగ్ కాబట్టి దాని మీద 5 శాతం జీఎస్టీ, అంటే 3 లక్షల 10 వేలు. ఓసీ, అంటే బిల్డింగ్ పూర్తయి ఉండటానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాక కొంటే ఇది ఉండదు. 1 శాతమే అని ఎవరైనా చెబితే నమ్మకండి, అది 45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకు. ఇక తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం. 62 లక్షల మీద 4 లక్షల 65 వేలు. ఈ రెండూ కలిపితేనే 7 లక్షల 75 వేలయింది. మీ వాటా 12 లక్షలు కలుపుకుంటే చేతిలో 19 లక్షల 75 వేలుండాలి. మీ దగ్గరున్నవి 14.

ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తారో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోలేదు. వుడ్‌వర్క్, ఫ్యాన్లు, మెష్ డోర్లు, బాల్కనీ గ్రిల్, గృహప్రవేశం భోజనాలు అన్నీ కలిసి 3 లక్షల 20 వేలయ్యాయి. దానికి 14 శాతం మీద పర్సనల్ లోన్ తీసుకున్నాను. హోమ్ లోన్ కంటే ఆ లోనే నన్ను ఎక్కువ పీడించింది. కార్పస్ ఫండ్ (అసోసియేషన్ పెద్ద ఖర్చులకని ముందే కట్టించుకునే నిధి), కార్ పార్కింగ్, కరెంటు, నీళ్ల కనెక్షన్ మీ 62లో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. ఇంకో సంగతి, ఫ్లాట్ విలువ 50 లక్షలు దాటింది కాబట్టి బిల్డర్‌కిచ్చే ప్రతి వాయిదాలోనూ 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కొనేవాళ్లదే. ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున లేటు ఫీజు. మా తోడల్లుడు తెలియక కట్టలేదు, రెండేళ్లకు నోటీసొచ్చింది.

మీ మామగారి మాట గురించి. పెద్దవారు, మీ మంచి కోరే చెబుతున్నారు. కానీ మీరు కట్టే మొదటి ఈఎంఐ 43,391లో 35,417 వడ్డీకే పోతుంది. అసలుకు జమయ్యేది 7,974. అద్దె ఏట్లో పోస్తున్నట్టయితే ఈ వడ్డీ కూడా పోసినట్టే లెక్క. నేను 2013లో 26 లక్షలు 10.25 శాతానికి తీసుకున్నాను, ఈఎంఐ 25,523. మొదటి ఏడాది 3 లక్షల పైన కట్టాను. ఏడాది చివర బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే అసలు తగ్గింది 42 వేల లోపు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. మీవారు కొత్త ట్యాక్స్ విధానంలో ఉంటే, మనముండే ఇంటి మీద 2 లక్షల వడ్డీ మినహాయింపు కూడా రాదు. అది కూడా అడిగి తెలుసుకోండి.

ఇల్లు చేతికొచ్చేదాకా ఇక్కడ అద్దె, అక్కడ వడ్డీ రెండూ కట్టాలి. దసరా అన్నది సంక్రాంతి అయితే, ఉగాది అయితే? ఆ ఆరు నెలలకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి.

లోన్ కూడా ఒకసారి తీసుకుని మర్చిపోయేది కాదమ్మా. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు వడ్డీ మారుతూ ఉండే కొత్త ఫ్లోటింగ్ లోన్లను రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని ఆర్‌బీఐ చెప్పింది. పాత లోన్లు మాత్రం వాటంతట అవి మారలేదు. 2020లో కొత్తవాళ్లకు 7 శాతం దగ్గర ఇస్తుంటే నాకు ఇంకా 9 పైనే పడుతోంది. బ్యాంకుకు వెళ్లి అడిగితే ఫారం ఇచ్చి, 5,900 ఫీజు కట్టించుకుని మార్చారు. ఆ తర్వాత 2022 మేలో మొదలై 2023 ఫిబ్రవరికల్లా రెపో 4 నుంచి 6.5కు చేరింది. నా ఈఎంఐ అలాగే ఉంది, నెలలు మాత్రం పెరిగిపోయాయి. అడిగితేగాని తెలియలేదు. మీరు ఏడాదికోసారి వెళ్లి రేటెంత, ఇంకెన్ని నెలలు అని అడగండి. చేతిలో డబ్బుంటే మధ్యలో కట్టేయండి, ఫ్లోటింగ్ రేటు మీద దానికి పెనాల్టీ లేదు.

ఇవన్నీ డబ్బుతో పోయేవి. డబ్బున్నా తెగని గొడవ ఒకటి చెబుతాను.

2018 శ్రావణం. శుక్రవారం పూజకని మా ఆవిడ వార్డ్‌రోబ్‌లోంచి పెళ్లినాటి పట్టుచీర తీసింది. మడత మీద నల్లటి చుక్కలు, చేత్తో దులిపితే పోవట్లేదు. లోపల ఒకరకమైన ముక్కిన వాసన. బట్టలన్నీ మంచం మీదికి తీసి వెనక ప్లైవుడ్ మీద వేలు పెడితే తడిసిన అట్టలో దిగినట్టు దిగిపోయింది. ఆ గోడకు అవతల మా బాత్రూం. పైన 404 వాళ్ల బాత్రూం. మా బాత్రూం కప్పు మీద లప్పం బుడగలా ఉబ్బి ఉంది. గోటితో తాకగానే పొడి రాలి, వెనకాలే నీటి బొట్టు జారింది.

404 ఓనర్ అమెరికాలో ఉంటారు. ఇంట్లో ఉన్నది అద్దెవాళ్లు. చాలా మంచివాళ్లు, కానీ టైల్స్ పగలగొట్టడానికి ఒప్పుకునే హక్కు వాళ్లకు లేదు కదా. ఓనర్‌కు మెసేజ్ పెడితే నాలుగు రోజులకు "మా ప్లంబర్ చూసి చెబుతాడు" అని జవాబు. వాళ్ల ప్లంబర్ వచ్చి మా పైపుదే లీకన్నాడు. మా ప్లంబర్ వాళ్లదన్నాడు. అసోసియేషన్‌లో అడిగితే "అది రెండు ఫ్లాట్ల మధ్య వ్యవహారం, మాకు సంబంధం లేదు" అని రాసిచ్చారు. అలా పదకొండు నెలలు. రోజూ పొద్దున స్నానానికి వెళ్తూ కప్పు వైపు చూడటం, తడి మరక ఇవాళ ఎంత పాకిందో కొలుచుకోవడం. చివరికి సగం ఖర్చు నేను పెట్టుకుంటానంటేనే ఆయన ఒప్పుకున్నారు. మేస్త్రి టైల్స్ తీస్తే లోపల నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ దగ్గర జాయింటు వదులైంది. చేతి వెడల్పు కూడా లేని చోటు. పైన వాటర్‌ప్రూఫింగ్‌కు 46 వేలైతే 23 వేలు నావి. మా వార్డ్‌రోబ్‌కు ఇంకో 38 వేలు.

అద్దెకున్నప్పుడైతే ఓనర్‌కు ఒక ఫోన్, తీరకపోతే టూలెట్ బోర్డుల వేట. ఇక్కడ ఎక్కడికి పోతాం? మీ ఫ్లాట్ రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద, రిజిస్టరై ఉంటే ఒక మేలుంది. తాళాలిచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు చెబితే, బిల్డర్ 30 రోజుల్లో తన ఖర్చుతోనే బాగుచేయాలని చట్టంలో ఉంది. చెప్పేది కాగితం మీద, తేదీ వేసి చెప్పండి. మాది రెరా రాకముందు బిల్డింగ్, ఆ దారి మాకు లేదు.

ఇక నీళ్లు. 2024 వేసవిలో మా రెండు బోర్లూ ఎండిపోయాయి. ఏప్రిల్‌లో రోజుకు ఆరు ట్యాంకర్లు, ఒక్కోటి వెయ్యి రూపాయలు. నెలకు లక్షా 80 వేలు, ఇంటికి 4,500. మామూలు మెయింటెనెన్స్ 2,000కు అది అదనం. కొత్త బోరు వేద్దామంటే మూడు మీటింగులు పట్టింది. ఫ్లాట్లు అద్దెకిచ్చిన ఓనర్లు రారు. వచ్చినవాళ్లలో సగంమంది వానలు పడితే సర్దుకుంటుందన్నారు. అంతకుముందు లిఫ్ట్ పాడైతే ఇంటికి 8,000, బయటి పెయింటింగ్‌కు 15,000. కింది ఫ్లోర్ వాళ్లు లిఫ్ట్ డబ్బు మేమివ్వం అన్నారు, మిగతావాళ్లు ఐదో ఫ్లోర్ వాళ్ల టెర్రస్ లీకేజీ మాకెందుకన్నారు. ట్రెజరర్‌గా బాకీల కోసం తలుపులు తట్టిన ఆ రెండేళ్లలో నా బీపీ మాత్ర డోసు పెరిగింది. ఇంటి పన్ను, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం), జనరేటర్ డీజిల్ లాంటివి ముందే తెలిసి వచ్చేవి, వాటితో ఇబ్బంది లేదు. ఇలా ఒక్కసారిగా మీద పడేవాటి కోసం నేను నెలకు 3,000 వేరే ఖాతాలో వేస్తున్నాను. మొదటి నుంచీ వేసుంటే వీటి కోసం అప్పుల జోలికి పోయేవాణ్ని కాదు.

వనస్థలిపురం

304 గారు చెప్పినవన్నీ నిజమే అయినా, అద్దె వైపు కష్టం కూడా ఒకటి రాయాలనిపించింది. తొమ్మిదేళ్లలో ఐదు ఇళ్లు మారాం. ఒకసారి ఓనర్ గారి కొడుకు పెళ్లని, ఒకసారి ఇల్లు అమ్మేశామని. రెండోది మా బాబు పదో తరగతి పరీక్షలప్పుడు. మారిన ప్రతిసారీ గ్యాస్ కనెక్షన్, ఆధార్‌లో అడ్రస్, పాలవాడు, స్కూల్ బస్సు అన్నీ కొత్తగా చూసుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో 12 వేలు పట్టుకున్నారు.

అదంతా ఒక ఎత్తు. 2021లో మా అత్తయ్య ఆసుపత్రిలో పోయారు. ఇంటికి తీసుకొస్తామని చెప్పడానికి మావారు ఓనర్‌కు ఫోన్ చేస్తే, "ఇంట్లోకి వద్దమ్మా, ఏమీ అనుకోకండి, మళ్లీ ఎవరూ అద్దెకు రారు" అన్నారు. నాలుగేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆమె నాటిన తులసి ఆ గుమ్మంలోనే ఉంది. ఆసుపత్రి నుంచి అటే సూర్యాపేట దగ్గర మా ఊరికి అంబులెన్స్‌లో తీసుకెళ్లాం. పెద్దకర్మ అయ్యాక తిరిగొచ్చి ఆ తాళం తీయడానికి మావారికి చేతులు రాలేదు. మరుసటి ఏడాదే వనస్థలిపురంలో పాత ఫ్లాట్ కొన్నాం. ఈఎంఐ ఎక్కువే. కానీ ఆ విషయంలో ఎప్పుడూ బాధపడలేదు.

నిజాంపేట 304

అమ్మా, చదివి మనసు బరువెక్కింది. మా పెద్దమ్మ పోయినప్పుడు మేమూ అద్దింట్లోనే ఉన్నాం, మాకూ అదే జరిగింది. నేను ఇల్లు కొనడానికి అసలు కారణం కూడా అదే, పైన రాయలేదు. అందుకే కేపీహెచ్‌బీ అమ్మాయికి కొనొద్దని చెప్పట్లేదు. నేను నా ఇల్లు అమ్మను. మా వాడి ఎత్తు ఏటా పెన్సిల్‌తో గీసిన గీతలు వంటింటి గుమ్మం పక్కన ఉన్నాయి. రంగులు వేయించిన రెండుసార్లూ ఆ జానెడు చోటు వదిలేయమని పెయింటర్‌కు చెప్పాను. నేను చెప్పేదల్లా, 14 లక్షలతో ఈ ఫ్లాట్ కొనకండి. ఇంకో రెండేళ్లు ఆగి 22 దాకా పోగేసుకోండి. లేదంటే జీఎస్టీ లేని పాత ఫ్లాట్ చూడండి. అందులో నీళ్లెలా ఉన్నాయో, లిఫ్ట్ ఎలా ఉందో, అసోసియేషన్ పుస్తకాలు ఎలా ఉన్నాయో కొనకముందే కళ్లతో చూడొచ్చు.

కేపీహెచ్‌బీ అద్దె కాపురం

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇదంతా మావారికి చదివి వినిపించాను. 19 లక్షల 75 వేలు అన్న దగ్గర ఆయన ఆగి మళ్లీ కాలిక్యులేటర్‌లో వేసి చూసుకున్నారు. వనస్థలిపురం అక్క రాసింది విన్నాక మా మామగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, ముందు పాతవి చూద్దాం" అన్నారు. బిల్డర్‌కు ఇస్తామన్న టోకెన్ ఆపేశాం. ఆదివారం ప్రగతినగర్‌లో పదేళ్ల నాటి ఫ్లాట్ ఒకటి చూడటానికి వెళ్తున్నాం. ఓనర్‌ను కలవడానికి ముందే వాచ్‌మన్‌ను పోయిన ఏప్రిల్‌లో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అడుగుతాను. పైఫ్లాట్‌లో ఉండేది ఓనరా, అద్దెవాళ్లా అనేది కూడా. 304 గారూ, బాత్రూం కప్పు కాకుండా ఇంకెక్కడ చేయి పెట్టి చూడాలో శనివారంలోపు చెప్తారా?