చైనా ఆకుకూరలు: ముందు వేడినీళ్లలో ముంచాలా, నేరుగా బాండీలోకేనా?

సన్నబియ్యం (న్యూజెర్సీ)
చలి మొదలయ్యాక ఇక్కడి చైనా కొట్లో గాయ్‌లాన్, చోయ్‌సమ్, బఠాణీ చివుళ్లు గుట్టలు పోస్తున్నారు. నిన్న ఒక కట్ట చోయ్‌సమ్ తెచ్చి వెల్లుల్లితో వేయిద్దామని కూర్చుంటే చారు తయారైంది. ఆకులు ముద్ద, కాడలు పచ్చి. పక్కింటి హాంకాంగ్ ఆవిడని అడిగితే, "ఉప్పూ చెంచాడు నూనే వేసిన మరిగే నీళ్లలో ముంచి తియ్యి, పైన ఆయిస్టర్ సాస్ పోసుకో, అంతే" అంది. సారమంతా నీళ్లలో పోదూ? ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోస్తే మా అమ్మ ఊరుకోదు.

తూటికూర_పక్షం
నేరుగానే అండీ. కోంగ్‌శిన్‌ఛాయ్ తెలుసుగా, మన తూటికూరే. ఆ పేరుకి అర్థం 'లోపల బోలు ఉన్న కూర'. దాన్ని నీళ్లలో ముంచితే ఆ బోలు కాడల్లో నీళ్లు నిలిచి, బాండీలో వేయగానే వదులుతాయి. కాడలు ముందు, ఆకులు ఆఖర్న, పులియబెట్టిన టోఫు ముక్క ఒకటి చిదిమి వేయండి. రెండు నిమిషాల పని. కాకపోతే అది ఎండాకాలం కూర, ఇప్పుడు వెతక్కండి.

పప్పు_పార్టీ
ఇంత గొడవెందుకు, కందిపప్పులో వేసెయ్యండి.

వూహాన్_ఎంబీబీఎస్
పప్పులో పాక్‌చోయ్ అనే చైనా ఆకుకూర వేసి చూశానండీ, తియ్యగా చప్పగా ఉంటుంది. వద్దు.
వూహాన్‌లో చలికాలం వస్తే హోంగ్‌ఛాయ్‌తాయ్ అని ఊదారంగు కాడల కూర వచ్చేది. పసుపుపచ్చ పూమొగ్గలతో సహా తింటారు. హాస్టల్ వెనకాల కూరలమ్మే ఆవిడ దానికి కత్తి తగలనిచ్చేది కాదు. కాడ చివర గోటితో గిల్లి, తోలు నారలా కిందికి లాగి, చేత్తో టక్కున తుంచేది. తోలు తెగకపోతే ముదురని పక్కన పడేసేది. మంచు పడ్డాక ఇంకా తియ్యగా ఉంటుంది, చలికి తట్టుకోవడానికి మొక్క చక్కెర కూడబెట్టుకుంటుంది కాబట్టి. దాన్ని నీళ్లలో ముంచారంటే ఊదారంగంతా గిన్నెలో, కాడ పచ్చగా మీ చేతిలో. అక్కడ ఎండబెట్టిన పందిమాంసంతో వేయిస్తారు. నేను ఎండుమిరపకాయలు వేసుకునేదాన్ని.

పులగం
అన్నిటికీ ఒకే రూలు పెడితే ఎలాగండీ? గాయ్‌లాన్ క్యాబేజీ జాతిదే. ఆకు మైనం పూసినట్టుంటుంది, కాడ బొటనవేలంత లావు. నేరుగా వేస్తే పైన మాడుతుంది, లోపల ఉడకదు, చేదు కూడా ఎక్కువే. అది ముంచాల్సిందే. సారం సంగతి నిజమే, విటమిన్ సి, ఫోలేట్ నీళ్లలో కరుగుతాయి. కానీ నిమిషం ముంచడానికీ, మనం పావుగంట ఉడకబెట్టడానికీ తేడా లేదా?
మీ అమ్మగారి లెక్కా చైనావాళ్లకి తెలుసు. ఎర్ర తోటకూర (శియెన్‌ఛాయ్) వెల్లుల్లితో వండి, ఆ ఎర్రటి నీళ్లు అన్నంలో కలిపి పిల్లలకి పెడతారు.

తూటికూర_పక్షం
గాయ్‌లాన్ వరకు ఒప్పుకుంటా. చోయ్‌సమ్ మాత్రం నేరుగానే. సన్నబియ్యం గారూ, కడిగాక ఆరబెట్టారా? అసలు దొంగ అక్కడే ఉంది. హోటల్ పొయ్యి మంటకి నీళ్లు చుయ్యిమని ఆవిరైపోతాయి, మన ఇంటి పొయ్యి మీద ఎక్కడివక్కడే ఉంటాయి.

సన్నబియ్యం (న్యూజెర్సీ)
లేదండీ, జల్లెడలోంచి నేరుగా బాండీలోకే. పైగా కట్టంతా ఒకేసారి.
ఇవాళ సగం కట్టే తీశా. తువ్వాల్లో చుట్టి గంటసేపు ఉంచా. బాండీ పొగ వచ్చేదాకా కాచి, కాడలు వేసి నిమిషం తిప్పాక ఆకులు. అడుగున చెంచాడు నీళ్లు కూడా లేవు. పక్కింటావిడకి కాస్త పట్టుకెళ్లి ఇచ్చా. కాడ కొరికి, "ఇంకా పచ్చిగానే ఉంది" అంది. నాకు మాత్రం బాగానే ఉంది.