వీఆర్ హెడ్‌సెట్లా, పాత కంప్యూటర్లలో కోట కట్టించడమా?

ప్రశ్న: సోషల్ టీచర్, వింజమూరు దగ్గర ఒక హైస్కూల్

నమస్కారం. మా బడిలో చదివి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు బడికి రెండు వీఆర్ హెడ్‌సెట్లు కొనిస్తామంటున్నారు. తలకు పెట్టుకుంటే హంపీలో నడిచినట్టే ఉంటుందట. నాకూ ఆశగానే ఉంది. కానీ ఎనిమిదో తరగతిలోనే నలభై మంది ఉన్నారు. ఒకడు చూస్తుంటే మిగతావాళ్లను ఏం చేయాలి? ల్యాబులో పాత సిస్టమ్‌లు ఆరు పనిచేస్తున్నాయి. నెట్‌ను నమ్ముకోలేం. వర్చువల్ ప్రపంచాలతో చదువు తీరే మారిపోతుందంటున్నారు, మనలాంటి బళ్లలో ఎవరైనా చేసి చూశారా?

జవాబు: లెక్కల టీచర్, కనిగిరి

సార్, హెడ్‌సెట్లు వద్దనండి. ఆ డబ్బుతో సిస్టమ్‌లకు ర్యామ్ (మెమరీ) వేయించి, వాటన్నిటినీ కలిపే ఒక నెట్‌వర్క్ స్విచ్, కేబుళ్లు కొనివ్వమనండి. లువాంటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మొన్నమొన్నటిదాకా మైన్‌టెస్ట్ అనేవారు. మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట లాగే దిమ్మెలు పేర్చి కట్టుకోవచ్చు. ఒక సిస్టమ్‌ను సర్వర్‌గా, అంటే మిగతావన్నీ కలిసే చోటుగా చేస్తే నెట్ లేకపోయినా పిల్లలంతా ఒకే ప్రపంచంలో కలుస్తారు.

హంపీ దాకా ఎందుకు, మీ పక్కనే ఉదయగిరి ఉంది కదా. మా పిల్లలు ఆ కోటే కట్టారు. కొండ పోసి, గోడ లేపి, అయిపోయిందన్నారు. అప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "సార్, పైనున్నవాళ్లు తాగేదేంది?" అంతే, క్లాసంతా నీళ్ల మీద పడింది. బండలు తొలిచి గుంటలు చేశారు. మరి కిందున్న సైన్యం పైకెలా ఎక్కింది? కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే కోట చేతికొచ్చేసరికి 1514 అయింది. రాళ్లగుట్టలు కొట్టించి సైన్యానికి దారులు వేయించాడని పోర్చుగీసువాడు నూనిజ్ రాశాడు. అది చదివి వినిపించాక మావాళ్లు ఆ దారి తవ్వడం మొదలుపెట్టారు. దిమ్మె తర్వాత దిమ్మె తీస్తుంటే ఏడాదికి పైగా ఎందుకు పట్టిందో వాళ్లకే అర్థమైంది. హెడ్‌సెట్‌లో కోటను చూస్తారు, అంతవరకే. ఈ ప్రశ్నలు కట్టేటప్పుడే పుడతాయి.

జవాబు: ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్, నెల్లూరు

కనిగిరి సార్ మాటే నా మాట. చదువు తీరును మార్చేది ఖరీదైన సరుకు కాదు. మొదట నాసిగా కనిపించినా, చవగ్గా ఉండి, అసలేమీ లేనివాళ్ల చేతికందేదే మారుస్తుంది. వ్యాపారాల్లో మార్పు ఇలాగే వస్తుందని హార్వర్డ్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997లోనే రాశాడు, చదువు గురించి 2008లో రాశాడు.

ఇంకో జాగ్రత్త. కంపెనీ సర్వర్ మీదున్న ప్రపంచం మనది కాదు. 2003లో వచ్చిన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ప్రపంచంలో ఎన్నో యూనివర్సిటీలు క్యాంపస్‌లు కట్టుకున్నాయి. 2011లో విద్యాసంస్థల రాయితీ తీసేస్తే చాలామంది ఖాళీ చేయాల్సి వచ్చింది. పిల్లలను వీఆర్‌లో ఊళ్లు తిప్పి చూపించే గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో మూతపడింది. లువాంటీలో కట్టింది పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు, తప్పకుండా దాచండి. సైన్స్‌కైతే కొలరాడో యూనివర్సిటీ వాళ్లు చేసిన, కంప్యూటర్‌లోనే చేసి చూసుకునే ఫెట్ ప్రయోగాలు చూడండి, ఉచితం.

ప్రశ్న అడిగిన టీచర్

ఇద్దరికీ ధన్యవాదాలు. బెంగళూరు పిల్లలకు ఇవాళే ఫోన్ చేస్తా. ఆరు సిస్టమ్‌లకు నలభై మందిని ఎలా సర్దాలో కూడా చెప్పండి సార్.

లెక్కల టీచర్, కనిగిరి

సిస్టమ్‌కు ముగ్గురు, రెండింటి దగ్గర మాత్రం నలుగురు, అంటే ఒకసారికి ఇరవై మంది. ఒకరు కడతారు, ఒకరు నోట్సులో ప్లాన్ గీస్తారు, మిగిలినవారు పుస్తకం చూసి చెబుతారు. పీరియడ్ సగంలో పనులు మార్చేయండి. మిగతా ఇరవై మంది ఆవరణలో టేపు పట్టి, సుద్దతో గోడల కొలతలు గీయాలి. తర్వాతి పీరియడ్‌లో వీళ్లు లోపలికి, వాళ్లు బయటికి. కీబోర్డు మాత్రం మొదట ఆడపిల్లలకివ్వండి, లేకపోతే మగపిల్లలు వాళ్ల వంతు రానివ్వరు.