పనిచోట సృజనాత్మకత: తరగతి పెట్టి నేర్పగలమా?

మిర్యాలగూడ కాంటా (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులకు నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో పదకొండేళ్లుగా సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. వానాకాలం వడ్లు రావడానికి ముందు మా సేటు గారు హైదరాబాదు నుంచి ఒక శిక్షకుడిని పిలిపించి, ఆఫీసువాళ్లకూ మిషన్ల మీద ఉండేవాళ్లకూ కలిపి రెండు రోజులు సృజనాత్మకత మీద తరగతులు పెట్టించారు. ఇటుకతో ఎన్ని పనులు చేయవచ్చో రాయమన్నారు, రంగు చీటీల మీద ఆలోచనలు రాసి గోడకు అంటించమన్నారు. అందరం సంతోషంగానే చేశాము. మూడో రోజు నుంచి ఎవరి పనిలో వాళ్లం పడ్డాము. ఆ చీటీలు నెల రోజులు గోడ మీదే ఉండి, ఊక దుమ్ము పట్టి, ఒక్కొక్కటే రాలిపోయాయి. ఇప్పుడు యాసంగికి ముందు మరో విడత పెట్టిద్దామా అని సేటు గారు నన్నే అడుగుతున్నారు. కొత్తగా ఆలోచించడమనేది వెల్డింగులాగా నేర్పితే వచ్చే పనితనమా, లేక కొందరికి పుట్టుకతో ఉండే గుణమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

ఆలేరు ఆసుపోగు

తరగతిలో వచ్చేది కాదన్నదే నా అభిప్రాయం. మాది ఆలేరు దగ్గర నేత కుటుంబం. మా అమ్మ ఆసు పోసేది. తెలియనివారి కోసం చెబుతున్నాను: చిటికి కట్టి, అంటే నూలును అక్కడక్కడా బిగించి కట్టి, రంగులు అద్దడానికి ముందు, పేక నూలును అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు ఆడాలి. రాత్రి అన్నం తినేటప్పుడు మా అమ్మ కుడిచేతి మోచేతిని ఎడమచేత్తో పట్టుకుని ముద్ద నోటిదాకా తెచ్చుకునేది.

మా పక్క ఊరు శార్జీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారి ఇదే బాధను చూడలేక 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టి, 1999కి పూర్తి చేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషికి సృజనాత్మకత పాఠం ఎవరు చెప్పారు? తల్లి భుజం నొప్పి చెప్పింది. ఆ తపన లేనివారికి ఎన్ని రంగు చీటీలు ఇచ్చినా వృథాయే.

పాలమూరు పంతులమ్మ

ఆసుపోగు గారూ, మీ అమ్మగారి చేతి సంగతి చదివి కొంతసేపు ఆగిపోయాను. అయినా మల్లేశం గారి ఉదాహరణ నాకు మీ మాటకు ఎదురుగానే కనిపిస్తున్నది. తపన మొదటి రోజే ఉంది కదా, మరి ఏడేళ్లు ఎందుకు పట్టింది? చేయి చేసే పనిని ఒక్కొక్క కదలికగా విడదీసి, ఒక భాగం కుదిరాక మరొక భాగం చేసుకుంటూ, చేసినది పనిచేయకపోతే విప్పి మళ్లీ బిగించుకుంటూ పోయారు. ఒకచోట చిక్కుపడి, హైదరాబాదుకు బతుకుతెరువు కోసం వెళ్లినప్పుడు, బాలానగర్‌లో పూర్తిగా వేరే పనికి వాడే యంత్రం కదలికను చూసి, మిగిలిన చిక్కుకు దారి కనుక్కున్నారు. పెద్ద పనిని కదలికలుగా విడదీసి చూడటం, వేరే పనిలోని ఉపాయాన్ని మన పనిలోకి తెచ్చుకోవడం, ఈ రెండూ నేర్పదగిన అలవాట్లేనని పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పే మనిషిగా నమ్ముతున్నాను.

శిక్షణల మీద పరిశోధన కూడా జరిగింది. అంతకుముందు వచ్చిన 70 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2004లో అచ్చయింది. చక్కగా రూపొందించిన శిక్షణ వల్ల ఫలితం ఉంటుందనీ, అభ్యాసాలు నేర్చుకునేవారి సొంత పనికి దగ్గరగా ఉన్నప్పుడు ఆ ఫలితం మెరుగ్గా ఉంటుందనీ అందులో తేలింది. ఇటుక ప్రశ్న ఎవరెన్ని రకాలుగా ఆలోచించగలరో కొలవడానికి పుట్టిన పరీక్ష. వడ్ల మిల్లు మనిషికి వడ్ల మీదే ప్రశ్న వేయాలి.

కాంటా గారికి ఇంకొక మాట. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తోచింది చెప్పమనే పద్ధతికి అమెరికా ప్రకటనల రంగంలోని అలెక్స్ ఆస్‌బర్న్ ప్రచారం తెచ్చారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దానిని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనలకంటే, నలుగురు ఎవరికి వారు విడిగా రాసినవి కలిపితే దాదాపు రెండింతలు వచ్చాయి. గుంపులో ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి, పైగా పెద్దవారి ముందు నోరు లేవదు. మన దగ్గర ఆ రెండోది మరీ ఎక్కువ. ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి, ఆ తరువాతే కలిపి కూర్చోబెట్టండి.

ఆలేరు ఆసుపోగు

అలవాట్లు నేర్పవచ్చునని ఒప్పుకుంటాను, పంతులమ్మ గారూ. ఏడేళ్లు విసుగు లేకుండా విప్పి బిగించే ఓపికను మాత్రం ఏ తరగతీ ఇవ్వలేదు. అక్కడ నా మాట మార్చుకోను.

దేవరకొండ

నేర్పడం గురించి ఇంతమంది మాట్లాడుతున్నారు, వినడం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. టొయోటా కంపెనీ 1951లోనే కార్మికుల సలహాలు తీసుకునే పద్ధతి పెట్టిందని, మన దగ్గర కూడా గోడకు ఒక పెట్టె తగిలిస్తారు. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఆరు నెలలకు ఎవరికీ గుర్తుండదు. ఆలోచన చెప్పినవాడి పేరు నిలుస్తుందా? ఆ ఆలోచన వల్ల పని తగ్గితే అతని కూలికే గండి పడుతుందా? కాంటా గారు ముందు ఈ రెండింటికీ జవాబు చెప్పాలి.

మిర్యాలగూడ కాంటా

దేవరకొండ గారి ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే మొదటి టపాలో నేను రాయని సంగతి రాయాలి.

మా దగ్గర పాత హమాలీ ఒకాయన ఉన్నాడు. వడ్ల లారీ వస్తే ముందు కాంటా వేసి, గోదాము దాకా తీసుకువెళ్లి, అక్కడ బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి తేమ చూడటం మా పద్ధతి. కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం తేమ వరకే తీసుకుంటారు. మాకు నేరుగా వచ్చే సరుకులో అంతకంటే చాలా పచ్చివి ఉంటాయి. పచ్చివని తేలితే లారీని వెనక్కి తిప్పి డ్రయర్ వైపు పంపాలి. ఇరుకైన ఆవరణలో ఒక్క లారీ తిరిగేసరికి వెనక పది ఆగుతాయి. హమాలీలకు బస్తా లెక్కన కూలి, కనుక ఆగినంతసేపూ వారికి పైసా రాదు. ఆయన రెండేళ్ల క్రితమే నాతో, “సార్, లైన్ల నిలబడ్డప్పుడే గేటుకాడ చూస్తే అయిపాయె గదా, పచ్చి బండి అద్దానికి ఇంత సుతిలి ముక్క కడితే ఎటు పోవాల్నో అందరికీ తెలుస్తది” అన్నాడు. పదిమంది ముందు నేను, “నీ పని నువ్వు చూసుకో” అన్నాను. ఆ తరువాత ఆయన నాకు ఏమీ చెప్పలేదు. రెండు రోజుల శిక్షణకు హమాలీలను పిలవాలని కూడా నాకు తోచలేదు.

పోయిన నెల గేటు దగ్గర లారీలు రోడ్డు దాకా నిలిచిపోయినప్పుడు ఆ మాట గుర్తుకు వచ్చి, ఆయన దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుని, ఆయన చేతనే సుతిలి కట్టించాను. ఆ రోజు నుంచి మా ఆవరణలో లారీ వెనక్కి తిరగడం చాలా అరుదు. హమాలీల కూలికి గండి పడలేదు, చీకటి పడకముందే బస్తాలు దిగుతున్నాయి.

పంతులమ్మ గారు చెప్పినట్లు ఈ యాసంగిలో శనివారం బట్వాడా అయ్యాక ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. శిక్షకుడిని మళ్లీ పిలిస్తే, ఒక రోజంతా కాంటా దగ్గర నిలబడి పని చూశాకే పాఠం చెప్పాలని షరతు పెడతాను. గేటు దగ్గరి పలక మీద ఆ హమాలీ పేరు రాయించి, సీజనుకు ఇంత అని ఇవ్వాలని సేటు గారిని అడిగాను. ఇంకా జవాబు రాలేదు, రేపు మళ్లీ అడుగుతాను.