ఆటో బామ్మర్దిది, నోటీసు నాకు

మాది హనుమకొండ. రెండేళ్ల కింద నా ట్రాలీ ఆటోను 1,20,000కి బామ్మర్దికి ఇచ్చాను. 40 వేలు చేతికొచ్చాయి. కాగితం లేదు, అత్తగారింట్లో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నదే. మొన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తీసుకెళ్తూ బైక్‌ను గుద్దాడు. ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయిందట! పరిహారం కేసు నోటీసు నా పేరు మీద వచ్చింది. "బండి నీ పేరు మీదే ఉంది కదా బావా" అంటున్నాడు. ఒకటే టెన్షన్.

జవాబు 1: అన్నా, పరిహారం కేసులో ఆర్‌సీలో పేరున్నవాళ్లే ఓనర్. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. నోటీసు పక్కన పడేయకండి, మీరు రాకున్నా ఆర్డర్ వస్తుంది. లాయర్‌తో కౌంటర్ (కోర్టుకు మీ రాతపూర్వక జవాబు) వేయించండి. బామ్మర్ది పేరు కేసులో ఉందో లేదో చూడమనండి.

జవాబు 2: అమ్మిన రోజే బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఆర్టీఏలో ఇస్తే అయిపోయేది. మనోళ్లే కదా అని ఎవరూ చేయరు, నేనూ చేయలేదు. ఆ 40 వేలు ఎట్లా ఇచ్చాడు?

ప్రశ్న వేసినవారు: 15 వేలు నగదు, 25 వేలు ఫోన్‌పే. ఇప్పుడే చూశా, కింద "ఆటో పైసలు" అని రాసి ఉంది.

జవాబు 2: స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. బాధితులకు కట్టాల్సి వస్తే, రేపు బామ్మర్దిని అడగడానికి అదే ఆధారం.