అప్‌డేట్: మత్తు నివారణకు వాలంటీర్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాను కదా

పిల్లలు మత్తు జోలికి పోకుండా పదిమంది వాలంటీర్లు ముందు ఏం చేయాలన్నది నా ప్రశ్న. ఉపన్యాసాలు ఆపి, పిల్లల్లో సర్వేతో మొదలుపెట్టమని జవాబిచ్చినవాళ్లు అన్నారు. ఆ మాట నిజమే.

సర్వేలో అసలు సంగతి గోప్యత. పేరు అడగకపోయినా వయసు, తరగతి, వీధి మూడూ అడిగితే పిల్లాడెవరో తెలిసిపోతుంది. అందుకే వయసు ఒక్కటే అడగాలి. చేతిరాత పట్టివ్వకుండా అన్నీ టిక్కు ప్రశ్నలే ఉండాలి. కాగితం రెండు మడతలు పెట్టి, తాళం వేసిన డబ్బాలో పిల్లలే వేయాలి. ఆ సమయంలో టీచర్లు, తల్లిదండ్రులు గదిలో ఉండకూడదు. ఉంటే అన్నింటికీ 'లేదు' అనే వస్తుంది.

"వాడావా?" అన్నదానికంటే "బడి అయ్యాక ఎక్కడుంటావు, ఎవరితో?" అన్న ప్రశ్నే ఎక్కువ చెబుతుంది. పెద్దల కన్ను లేని ఖాళీ గంటలు తేలితే ఆట, సంగీతం ఆ గంటల్లోనే పెట్టాలి. ఐస్‌లాండ్‌లో చేసినవాటిలో ఇదీ ఒకటి: గత నెలలో తాగి మత్తెక్కామన్న 15-16 ఏళ్లవాళ్లు 1998లో 42 శాతం, 2016 నాటికి 5 శాతం.

ఇంట్లో మిగిలిన నొప్పి మాత్రలు పిల్లలు మత్తుకు వాడకుండా లెక్కపెట్టి తాళంలో పెట్టాలి. వైట్‌నర్, జిగురు వాసన పీల్చడం మొదటిసారే గుండె ఆపేయగలదు. పీలుస్తూ దొరికితే తరమొద్దు, అరవొద్దు, ఆ ఉలికిపాటే ప్రాణం తీయొచ్చు. స్పృహ తప్పినా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే అంబులెన్స్ పిలవాలి.

ఇప్పటికే అలవాటు పడ్డవాళ్లను వాలంటీర్లు మాన్పించబోవద్దు, డాక్టర్‌కే అప్పగించాలి.