పాత ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాను, సొంతంగా ఏ పనులు చేసుకోవచ్చు?

అడిగినవారు:

అందరికీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి కొద్ది నెలలే అయింది. మంచు పడే రోజుల్లో ఉపయోగపడుతుందని పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటి కొన్నాను. గ్యారేజీల్లో గంటకు అడిగే కూలి చూశాక చిన్న పనులైనా నేర్చుకోక తప్పదనిపించింది. స్పానర్ పట్టిన అనుభవం అంతంతమాత్రమే. ఒక ఇబ్బంది కూడా ఉంది. పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా మలుపు తీసుకుంటే, ఎవరో బ్రేకు తొక్కుతున్నట్టు బండి కుదుపుతో కదులుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి జవాబు:

నమస్తే అండీ. స్పానర్ల సెట్టు కొనేముందు ఒక సంగతి తేల్చుకోండి: మీ బండి ఏ రకం ఫోర్ వీల్ డ్రైవ్? అది తెలుసుకోకుండా ఎవరు సలహా చెప్పినా నమ్మకండి.

2హెచ్ (రెండు చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, తక్కువ వేగంలో ఎక్కువ బలం) అని గుర్తులున్న లివరో, తిప్పే స్విచ్చో ఉంటే అది చాలావరకు పార్ట్ టైమ్ రకం, అంటే మీరు కోరినప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి పంపేది. అందులో 4హెచ్ వేయగానే ముందు, వెనక ఇరుసులు రెండూ ఒకే వేగంతో తిరిగేలా ముడిపడిపోతాయి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మంచులో, బురదలో టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారే వీలు లేక, ఆ బిగువంతా గేర్ల మీదా షాఫ్టుల మీదా పడుతుంది. మీరు చెప్పిన కుదుపు సరిగ్గా ఇలాగే ఉంటుంది. 2హెచ్‌కు మార్చాక అది పోతే మరమ్మతే అక్కర్లేదు, పొడి రోడ్డు మీద 4హెచ్ వాడకుండా ఉంటే చాలు.

అలాంటి లివరేమీ లేకపోతే మీది ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ శక్తిని బండే తనంతట పంచుకునే రకం అయి ఉంటుంది. అందులో ఇరుసుల మధ్య వేగాల తేడాను సెంటర్ డిఫరెన్షియలో (రెండు ఇరుసులు వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక), క్లచ్చు కప్లింగో (అవసరాన్ని బట్టి ఇరుసులను కలిపే, కాస్త జారనిచ్చే భాగం) సర్దాలి. పొడి నేల మీద కుదుపు వస్తోందంటే అది సరిగ్గా సర్దడం లేదన్నమాట. అప్పుడు ముందుగా టైర్లు చూడండి. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, ఒకే అరుగుదలతో ఉన్నాయా? అమ్మేముందు రెండు టైర్లే కొత్తవి వేసి అమ్మేవారు ఎక్కడైనా ఉంటారు. చుట్టుకొలతల్లో తేడా ఉంటే తిన్నగా పోతున్నప్పుడు కూడా కప్లింగుకు విశ్రాంతి ఉండదు, వేడెక్కి చెడిపోతుంది. గాళ్ల లోతులో తేడా 2 మిల్లీమీటర్లు మించకూడదని సాధారణంగా అంటారు. మీ మాన్యువల్‌లో అంకె ఉంటే దాన్నే పాటించండి.

తర్వాత ఆయిళ్లు. ఇంజన్ ఆయిలు అందరికీ గుర్తుంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు (గేరుబాక్సు శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (ఒక్కో ఇరుసు మీది గేర్ల పెట్టెలు) సంగతి పాత యజమానులు చాలామంది పట్టించుకోరు. నేర్చుకునేవారికి నిజంగా మంచి పని ఇదే. నింపే ప్లగ్గు ముందు విప్పండి, అది ఊడి వచ్చాకే కింది ప్లగ్గు ముట్టుకోండి. ఆయిలంతా దించేశాక పై ప్లగ్గు తుప్పుపట్టి రాకపోతే బండి కదలడానికి వీల్లేకుండా నిలిచిపోతుంది. దించిన ఆయిలు తెల్లగా, చిక్కగా ఉంటే లోపలికి నీరు చేరినట్టు. అలాంటప్పుడు ఆయిలు మార్చి ఊరుకోకుండా, ఆ పెట్టె పైనున్న గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. ప్లగ్గు చివర అయస్కాంతం ఉంటే దానికి మెత్తటి బూడిదరంగు పొడి అంటుకోవడం మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల పళ్లో బేరింగో విరుగుతున్నట్టే.

ఏ ఆయిలో ఊహించి పోయకండి. ట్రాన్స్‌ఫర్ కేసుల్లో కొన్నిటికి గేరు ఆయిలు, కొన్నిటికి ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు కావాలి. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని గేరు ఆయిలు రకాలు రాసి ఉంటాయి. జీఎల్-5 రకం గేరు ఆయిలు డిఫరెన్షియల్‌కు మంచిదే, కానీ జీఎల్-4 అడిగే మాన్యువల్ గేరుబాక్సులో పోస్తే ఇత్తడి సింక్రో రింగులకు (గేర్లు మారేటప్పుడు వాటి వేగాలను కలిపేవి) హాని చేయవచ్చు.

మరొకరి జవాబు:

అన్నయ్యగారు చెప్పినవన్నీ బండి కింద దూరి చేసే పనులు. అందుకే ఒక అక్కగా గట్టిగా చెబుతున్నాను, జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎన్నడూ వెళ్లకండి. జాకీ ఎత్తడానికే. మోయడానికి స్టాండ్లు వేరే ఉంటాయి, బండి బరువుకు సరిపడినవి కొనండి. నేల గట్టిగా, చదునుగా ఉండాలి.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే గేరు లివరు పార్కులో ఉన్నా చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. చేతి బ్రేకు చాలా బండ్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి, వెనక వైపు ఎత్తితే దాని వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మెలు పెట్టండి. ఒక ఇరుసు మాత్రమే ఎత్తి ఇంజన్ గేరులో నడిపితే, నేల మీదున్న చక్రాలు బండిని స్టాండ్ల మీంచి లాగేస్తాయి.

అద్దె ఇంట్లో ఉంటే ఒప్పందం చదవండి. పార్కింగులో బండి మరమ్మతులు వద్దని చాలామంది యజమానులు రాసుకుంటారు. పాత ఆయిలు కాలువలో పారబోయవద్దు, సీసాల్లో నింపి సేకరణ కేంద్రానికి ఇవ్వండి.

అడిగినవారు:

చాలా కృతజ్ఞతలు. లివరు లేదు. టైర్ల లోతు కొలిచాను, ముందువి కొత్తవి, వెనకవి బాగా అరిగాయి. ముందు చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టు కూడా ఉంది. దాన్ని బాగుచేసే పని నేను చేయగలనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

గ్రీజు చిమ్మిందంటే సీవీ జాయింటు (చక్రం తిరిగినా, పైకీ కిందికీ కదిలినా శక్తిని అందించే షాఫ్టు కీలు) మీది రబ్బరు తొడుగు చిరిగింది. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలితే టకటకమనే చప్పుడు రాకపోతే, జాయింటు ఇంకా బాగుందనే ఆశ ఉంది. శుభ్రం చేసి, కొత్త గ్రీజు, కొత్త తొడుగు వేస్తే సరిపోతుంది. చప్పుడు మొదలైతే షాఫ్టు మొత్తం మార్చడమే నయం. కానీ మొదటి పనిగా ఇది వద్దు. హబ్బు నట్టు (చక్రం మధ్యలో షాఫ్టును పట్టి ఉంచే పెద్ద నట్టు) బిగువుకు పొడవాటి లివరు, టార్క్ రెంచీ (ఎంత బిగించామో చూపే స్పానర్) కావాలి. అనుభవమున్న మిత్రుడితో కలిసి చేయండి. సస్పెన్షన్ స్ప్రింగు, ఎయిర్ బ్యాగు, ఇంధన గొట్టాలు ఇప్పట్లో మీరు ముట్టుకోవద్దు.

ముందు నాలుగు టైర్లూ ఒకే రకానివి వేయించండి. ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్, డిఫరెన్షియల్ ఆయిళ్లు మార్చండి. కుదుపు అప్పటికీ తగ్గకపోతే కప్లింగు చెడినట్టే, గ్యారేజీ తప్పదు. బండిని లాగించవలసి వస్తే నాలుగు చక్రాలూ నేలను తాకకుండా ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించమనండి, రెండు చక్రాలు ఎత్తి లాగితే ఆ కప్లింగు మరింత పాడవుతుంది. ఆయిలు దించినప్పుడు ప్లగ్గు ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.